తలగడ లేకుండా

మట్టిముద్దలో తన ఊపిరి ఊది మనిషిని నిలబెట్టిన దేవునికి స్తోత్రం. మనం అడగకముందే మన రొమ్ములో గుండెను పెట్టి, మనం నిద్రపోయినా దాన్ని నిద్రపోనివ్వకుండా కాపాడుతున్న తండ్రికి స్తోత్రం. ఇచ్చిననాడు ఆయన మంచివాడు, తీసుకున్ననాడు కూడా మంచివాడే అని నా నోటితో ఒప్పుకుంటున్నాను. మనసు ఒక అడుగు వెనకబడితే, దాన్ని కూడా ఆయనే చెయ్యి పట్టి నడిపించాలి.

పోయిన నెల మా మందిరానికి ప్లాస్టిక్ కుర్చీలు వచ్చాయి. చౌటుప్పల్ దాటి పెద్ద రోడ్డు మీది నుంచి లోపలికి తిరిగితే మా ఊరు. రేకుల మందిరం. ఇన్నేళ్లూ కింద కూర్చునే ఆరాధించాం. కుర్చీలు సర్దుతుంటే పాత జంపఖానాను ఎవరో చుట్టి వెనక గదిలో పడేశారు. బయట ఎండలో వేద్దామని నేను విప్పాను. నీలం చారలు, ఎర్ర చారలు, ఒక మూల మాత్రం మాసిన ఎర్ర గుడ్డతో వేసిన అతుకు. ఆ అతుకు మీద చెయ్యి పడగానే అక్కడే కూర్చుండిపోయాను.

ఆ అతుకు ఆమె వేసింది. ఆమె పేరు రాయను. బతికున్నప్పుడు కూడా పేరు పెట్టి పిలిచినవాళ్లు తక్కువ. పెద్దవాళ్లు జంపఖానామె అనేవారు, మాలాంటివాళ్లం అక్క అనేవాళ్లం.

ఆదివారం పొద్దున మందిరానికి ఎవరు ఎంత ముందు వచ్చినా ఆమె తర్వాతే. చీర కొంగు నడుముకు చెక్కి, అంత పొడుగు జంపఖానాను ఒక్కతే రెండు కొసలు పట్టుకొని వాకిట్లో దులిపేది. ఫట్‌మని ఒక చప్పుడు. పక్కింట్లో ఉండే మా అయ్యగారు, అంటే మా సంఘకాపరి, ఆ చప్పుడు వింటేనే చొక్కా గుండీలు పెట్టుకోవడం మొదలుపెడతానని నవ్వుతూ చెప్పేవారు. దులిపి, పరిచి, ముడతలు కాలితో సరిచేసి, ఆమె గుమ్మం దగ్గర నిలబడేది. వచ్చినవాళ్లను ఎక్కడ కూర్చోబెట్టాలో ఆమెదే నిర్ణయం. కాళ్లు బార్లా చాపిన మగవాళ్లను, "జర జరుగుండ్రి, దేవుడు గూడ వచ్చి కూసోవాలె గదా" అని కదిలించేది. ఆలస్యంగా వచ్చినవాళ్లకు ఆ అతుకు మూల. అది ఒకప్పుడు ఎలుక కొరికిన చోటు.

"ఏందక్కా, మాకు ఎప్పుడూ గీ మూలనేనా?" అని ఎవరైనా అంటే, "ఎలుక నీకంటె ముందొచ్చి జాగ పట్టింది, నువ్వు గూడ జల్ది రా" అనేది.

చౌటుప్పల్‌లో ఒక కంపెనీ క్యాంటీన్‌లో చపాతీలు చేసేది. వాళ్లాయన తాపీ మేస్త్రీ. ఆయన మా దేవుణ్ణి నమ్మడు. అట్లాగని వద్దనడు. స్కూటర్ మీద ఆమెను మందిరం గేటు దగ్గర దింపి, ఎదురుగా చాయ్ కొట్టు దగ్గర ఆరాధన అయ్యేదాకా కూర్చునేవాడు. పాటలు వినపడితే బల్ల మీద వేళ్లు ఆడించడం నేను చాలాసార్లు చూశాను.

మంగళవారాలు స్త్రీల కూడిక. నేను ఊళ్లో బడిపంతులమ్మను, ఆదివారం పిల్లలకు వాక్యం చెప్తాను కాబట్టి కూడిక నడిపే పని నా మీద ఉండేది. అందరం వరసగా ప్రార్థన చేస్తాం. ఆమె వంతు వస్తే కొందరు ముసుగుల్లో ముసిముసిగా నవ్వుకునేవాళ్లు. ఎందుకంటే ఆమె దేవునితో ఇంటి పెద్దతో మాట్లాడినట్టు మాట్లాడేది. "నాయినా, మా పక్కింటోళ్ల బోరు మోటరు కాలింది, నీకెరుకే. మా టీచరమ్మను ఆలేరు దిక్కు బదిలీ చేస్తమని బెదిరిస్తున్నరు, నీకెరుకే. మా మేస్త్రి నీ ఇంటి ముంగట చాయ్ తాగుతడు గని లోపలికి రాడు, అది గూడ నీకెరుకే." అంతే. ప్రతి మాటకూ చివర అదే. వేరే ముగింపు ఉండేది కాదు.

ఒకసారి నేను ఆటపట్టించాను. "అన్నీ ఆయనకెరుకే అయితే మళ్లీ చెప్పుడెందుకక్కా?"

"బిడ్డ ఆకలి బాపుకు తెల్వదా టీచరమ్మా? అయినా బిడ్డ నోరు తెరిచి అడిగితే ఇనబుద్ధి అయితది గదా."

ఎన్నో ఏళ్లు వాక్యం చదివిన నాకు ప్రార్థన గురించి అంతకన్నా బాగా చెప్పడం ఇప్పటికీ రాదు.

ఒక మంగళవారం అందరూ వెళ్లిపోయాక ఆమె నా చెయ్యి పట్టుకొని తన ఎడమ రొమ్ము మీద పెట్టుకుంది. "సూడు. మొదట్ల శెనగగింజంత ఉండె. ఇప్పుడు నిమ్మకాయంత అయింది." నొప్పి లేదు కాబట్టి ఏమీ కాదనుకుందట. నా వేళ్ల కింద అది రాయిలా ఉంది.

హైదరాబాద్‌లో పెద్ద దవాఖానకు తీసుకెళ్లాం. క్యాన్సర్ అన్నారు. గడ్డ పెద్దది కాబట్టి ముందు కీమో ఎక్కించి దాన్ని చిన్నది చేస్తామని, ఆ తర్వాత ఆపరేషన్ చేసి తీసేస్తామని చెప్పారు. మందు మొదలుపెట్టే ముందు గుండె పరీక్ష కూడా చేశారు. గుండె బాగుంది అన్నారు. ఆ మాట మాకు ఎంత చిన్నదిగా వినపడిందో! గడ్డ కోసం వెళ్లినవాళ్లకు గుండె బాగుందంటే అదేం వార్త?

ఎక్కించేది ఎర్రగా ఉండేది. అక్కడి ఆడవాళ్లందరూ దాన్ని ఎర్ర మందు అనేవారు. ఎక్కించిన రోజు మూత్రం కూడా ఎర్రగా వస్తుందని ఆమె బయటికి వచ్చి నా చెవిలో చెప్పి, "కంపెనీల షర్బత్ పోసినట్టే ఉన్నది" అని నవ్వింది. ఇంటికి వచ్చాక రెండు మూడు రోజులు ఏమీ తినలేకపోయేది. జుట్టు ఊడిపోయింది. నేను బాధపడుతుంటే, "మందిరంల ఎట్లైనా ముసుగేసుకుంటం గదా, ఎవరికెర్క? సబ్బు మిగిలింది" అంది. ఆ రోజుల్లో కూడా జంపఖానా దులపడం మానలేదు. చప్పుడు కొంచెం తగ్గింది, అంతే.

కీమో అయిపోయేసరికి గడ్డ చేతికి అందడం లేదు. డాక్టర్లు సంతోషించారు. ఆపరేషన్‌కు తేదీ ఇస్తామన్నారు. ఆమె ఆ వారమే సాక్ష్యం చెప్పింది.

మా సంఘంలో సాక్ష్యం అంటే ఏమిటో తెలియనివారికి చెప్పాలి. దేవుడు బాగుచేసిన మనిషి అందరి ముందు లేచి, తనకు జరిగిన మేలు నోటితో చెప్పాలి. చెప్పినవాళ్లు ఆ రోజు సంఘానికి అన్నం పెడతారు. ఆ తర్వాత ఆ రోగం మాట ఎత్తకూడదు. అట్లా ఎక్కడా రాసి లేదు. కానీ ఎవరైనా సాక్ష్యం చెప్పాక మళ్లీ నొప్పి అంటే, పక్కవాళ్లు వెంటనే, "సాక్ష్యం చెప్పినవ్ గదా, మల్ల గా మాటెందుకు?" అంటారు. అది ప్రేమతోనే అంటారు. దేవుడిచ్చిన మేలును కాదన్నట్టు అవుతుందని భయం.

ఆమె సాక్ష్యం ఎప్పుడూ చిన్నదిగా ఉండదు. తన పెళ్లి దగ్గర మొదలుపెట్టింది. అయ్యగారు రెండుసార్లు దగ్గారు. చివరికి గడ్డ దగ్గరికి వచ్చి, "నిమ్మకాయంత గడ్డ, ఇప్పుడు లేదు. నా దేవుడు కరిగించిండు" అంది. రేకులు అదిరేటట్టు స్తోత్రాలు చెప్పాం. మేస్త్రీ బయట పొయ్యి దగ్గర నిలబడి తన చేత్తోనే బగారన్నం కలిపాడు. ఆ రోజు ఆయన గుమ్మం దాకా వచ్చి గిన్నెలు లోపలికి అందించి వెళ్లాడు. అదే ఆమెకు రెండో అద్భుతం.

తర్వాత ఆపరేషన్ తేదీ వస్తే ఆమె వెళ్లలేదు. "గడ్డనే లేదు, కోసేదేంది?" అంది. నేను చెప్పి చూశాను. లోపల వేర్లు ఉంటాయని డాక్టర్ అన్నది గుర్తుచేశాను. "ఇప్పుడు పోతె నేను చెప్పిన సాక్ష్యానికి నేనే అడ్డం తిరిగినట్టయితది టీచరమ్మా" అంది. పత్తి ఏరే కాలం వచ్చింది, పోయింది.

ఆ నెలల్లోనే ఆమె మారింది. మొదట జంపఖానా. ఒక ఆదివారం వెళ్లేసరికి వాకిట్లో కొస పట్టుకొని నిలబడి ఉంది. "నువ్వు ఆ దిక్కు పట్టు" అంది. అంతకుముందు ఎవరినీ పట్టనిచ్చేది కాదు. దులిపాక గోడ పట్టుకొని కాసేపు నిలబడింది. తర్వాత కొన్ని వారాలకు దులపడం మాకే అప్పగించి గుమ్మం దగ్గర కూర్చుని చెప్పడం మొదలుపెట్టింది. "గట్ల కాదు, దుమ్ము దేవుని మొకాన కొడ్తున్నవ్." తర్వాత వట్టి కాళ్లతో రావడం మొదలైంది. చెప్పులు పాదాలకు పట్టడం లేదని నాకు తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం మందిరానికి చెప్పులు లేకుండా నడిచి రావడం ఏదో సమర్పణ అనుకున్నారు.

అన్నిటికన్నా పెద్దది రాత్రి సంగతి. పక్కింటామె కూడికలో చెప్పింది. "అక్క రాత్రంత పండుకోదు. గోడకు ఆనుకొని కూసొనే ఉంటది. ఎప్పుడు లేచి సూసినా కూసొనే ఉంటది." పక్కనే కూర్చున్న అక్క ముసుగు సవరించుకొని తల దించుకుంది. మేమందరం అర్థం చేసుకున్నాం. అంటే, అర్థం చేసుకున్నామనుకున్నాం. ఆ ఆదివారం అయ్యగారు ప్రసంగంలో, మనమందరం నిద్రపోయే వేళ ఒక తల్లి మనకోసం మెలకువగా ఉండి ప్రార్థిస్తున్నదని చెప్పారు. అందరూ వెనక్కి తిరిగి చూశారు. ఆమె గోడకు ఆనుకొని కూర్చుని ఉంది. నోరు కొద్దిగా తెరిచి ఊపిరి తీసుకుంటోంది. నాకు ఆ ముఖంలో పరిశుద్ధత కనిపించింది.

గడ్డ మళ్లీ గట్టిపడింది. అది చేతికి తగిలినాక ఎవరి మాటా అవసరం లేకపోయింది. ఆమె, మేస్త్రీ, నేను మళ్లీ హైదరాబాద్ బస్సు ఎక్కాం. ఆపరేషన్ చేసే డాక్టర్ ఇక ఆలస్యం వద్దన్నాడు. అయితే ముందు మత్తు డాక్టర్ చూసి సరే అనాలి. మత్తు డాక్టరమ్మ చిన్న వయసు మనిషి, తలకు నల్లని స్కార్ఫ్ కట్టుకుంది. మాట మాత్రం మన ఊరి మాటే.

"అమ్మా, మెట్లెక్కితే దమ్మొస్తదా?"

"లేదు బిడ్డా."

"రాత్రి పడుకుంటే?"

"లేదు."

"తలకింద ఎన్ని తలగడలు పెట్టుకుంటరు?"

"తలగడలేంది, గోడకు ఆనుకుంట."

డాక్టరమ్మ రాయడం ఆపింది. "గోడకా? ఎందుకు?"

"ప్రార్థన చేసుకుంట. మా సంఘంల అందరికెరుకే. కావాలంటె టీచరమ్మను అడుగు."

డాక్టరమ్మ నా వైపు చూసింది. నేను తల ఊపాను. డాక్టరమ్మ నవ్వలేదు, కోప్పడలేదు. "మా అమ్మీ కూడా రాత్రి నమాజ్‌కు లేస్తది" అంది. "నమాజ్ అయినాక మల్ల పడుకుంటది. మీరు పడుకుంటున్నరా?"

డాక్టరమ్మ బల్ల చూపించి, "ఒకసారి పడుకోండి, తలగడ లేకుండా" అంది. ఆమె పడుకుంది. నన్ను చూసి, అంతా బాగున్నట్టు నవ్వడానికి ప్రయత్నించింది. ఆ నవ్వు పూర్తికాకముందే మోచేతి మీద లేచింది. మళ్లీ పడుకోబోయింది. మళ్లీ లేచి కూర్చుని బల్ల అంచు గట్టిగా పట్టుకుంది. నీళ్లలోంచి తల పైకెత్తిన మనిషి పీల్చినట్టు ఊపిరి పీల్చింది. డాక్టరమ్మ ఆమె పాదం చేతిలోకి తీసుకొని చీలమండ దగ్గర బొటనవేలితో నొక్కింది. వేలు తీసినా గుంట అట్లాగే ఉండిపోయింది. మెత్తని పిండి మీద వేలిముద్రలా.

గుండె స్కానింగ్ చేశారు. పంపింగ్ బాగా పడిపోయిందని, అందుకే పడుకుంటే ఊపిరాడడం లేదని, పాదాలు వాస్తున్నాయని అన్నారు. డాక్టరమ్మ మమ్మల్ని కూర్చోబెట్టి నెమ్మదిగా చెప్పింది. గడ్డను కరిగించిన ఎర్ర మందే కొందరిలో గుండె కండరాన్ని కూడా నీరసపరుస్తుంది. అందరికీ కాదు. ఎవరికి అవుతుందో ముందుగా పూర్తిగా చెప్పలేరు. అందుకే మందుకు ముందూ తర్వాతా గుండె చూస్తారు, ఆయాసం గురించి అన్నిసార్లు అడుగుతారు. మత్తు ఇచ్చినప్పుడు బీపీ పడుతుంది, సెలైన్ ఎక్కుతుంది, నొప్పికి గుండె పరుగెత్తుతుంది. బలంగా ఉన్న గుండె సర్దుకుంటుంది. ఈ గుండెకు ఇప్పుడు ఆ ఓపిక లేదు.

మేస్త్రీ అంతా విన్నాడు. "అంటె కోస్తె గుండె ఆగుతది, కొయ్యకుంటె గడ్డ తింటది. గంతేనా అమ్మా?"

"గంతే కాదు. గుండెకు మందులున్నయి. కొన్ని వారాలు వాడుదాం. కొంచెం కోలుకుంటే అప్పుడు జాగ్రత్తగా ఆపరేషన్ చేద్దాం. ఎక్కువ రోజులు ఆగలేం, గడ్డ ఆగదు." తర్వాత ఆమె వైపు తిరిగి, "మీరు తలగడ లేకుండా పడుకోగలిగిన రోజు నాకు చెప్పండి" అంది.

బస్సులో ఆమె కిటికీ పక్కన, నేను పక్క సీట్లో. మేస్త్రీ వెనక. పెద్ద అంబర్‌పేట దాటాం. తర్వాత ఆమె, "గడ్డను ముట్టిన దేవుడు, గుండెను ఎందుకు ముట్టనిచ్చిండు టీచరమ్మా?" అంది.

పిల్లలకు ప్రతి ప్రశ్నకూ ఒక వాక్యం చెప్పే నాకు ఆ వేళ నోటికి వచ్చినవేవీ ఆ బస్సులో చెప్పదగినవి కావు. ఆమె చెయ్యి పట్టుకున్నాను. చల్లగా ఉంది.

"సంఘంల చెప్పకు" అంది.

"చెప్తే అందరం ప్రార్థన చేస్తం గదక్కా."

"అందరు అన్నం తిన్నరు. దేవుడు బాగు చేసిండని బగారన్నం పెట్టిన, కడుపునిండ తిన్నరు. ఇప్పుడు మల్ల పాయె అంటె గా అన్నం ఏమైతది?"

వెనక సీటులోంచి మేస్త్రీ ముందుకు వంగి, "అన్నం కలిపింది నేను. నేను తీసుకుంట తియ్యి గా పాపం" అన్నాడు. ఆమె నవ్వింది. నవ్వుకు కూడా ఆయాసం వచ్చింది.

తర్వాతి ఆదివారం అయ్యగారికి సంగతి తెలియదు. ప్రసంగం మధ్యలో మళ్లీ రాత్రి ప్రార్థన గురించి, మెలకువగా ఉండే ఆ తల్లి గురించి ఎత్తారు. ఆమె గోడ పట్టుకొని లేచింది. ప్రసంగం నడుస్తుండగా మా దగ్గర ఎవరూ లేవరు. అయ్యగారు ఆగిపోయారు.

"అయ్యగారూ, మాఫ్ చెయ్యుండ్రి. నేను రాత్రుళ్లు ప్రార్థన చేస్తలేను." ఊపిరి తీసుకుంది. "ఊపిరాడక కూసుంటున్న. పండుకుంటె మీద బండ పెట్టినట్టయితది. మీరంత మెచ్చుకుంటుంటె నోరు రాలేదు." మళ్లీ ఆగింది. "నేను చెప్పిన సాక్ష్యం అబద్ధం కాదు. గడ్డ నిజంగనే కరిగింది. గని అయిపోలే. మల్ల వచ్చింది. గుండె గూడ పాడైంది. తలగడ లేకుండ పండుకుంటెనే కోస్తరంట. నాకు ప్రార్థన చేతనైతలేదు, దమ్ము సరిపోతలేదు. మీరు చెయ్యుండ్రి. నేను పండుకునేటట్టు చెయ్యుండ్రి."

అయ్యగారు పుస్తకం మూసి బల్ల మీద పెట్టారు. ప్రసంగం పూర్తిచేయలేదు. దిగి వచ్చి ఆమె కూర్చున్న చోట జంపఖానా మీద మోకాళ్లు వేశారు. ఆయన ఏడ్వడం మొదటిసారి చూశాను. అందరం మోకరించాం. ఒక్కొక్కరు గొంతెత్తి ఒకే మాట అడిగాం, ఆమె పడుకునేటట్టు చెయ్యి అని. వెనక వరసలో చెవులు సరిగా వినపడని ఒక తాత, అందరికన్నా గట్టిగా, "ప్రభువా, ఆమె తలగడ తీసెయ్! తీసెయ్ ప్రభువా!" అని కేకలు పెట్టాడు. ప్రార్థన అయ్యాక ఆమె ఆ తాత వైపు తిరిగి, "తాతా, జర మెల్లగ అడుగు. తలగడతోటి నన్ను గూడ తీస్కపోతడు" అంది. ఏడుస్తున్నవాళ్లందరం నవ్వాం.

మందులు వాడింది. ఉప్పు మానేసింది. నీళ్లు కొలతతో తాగమన్నారని మేస్త్రీ ఆమె చెంబు తన దగ్గరే దాచి, అడిగినప్పుడు కొంచెం కొంచెం పోసేవాడు. "పెండ్లైన కాడినుంచి గీయన చేతుల మీదుగ నీళ్లు తాగుడు గిదే మొదలు" అని ఆమె అందరికీ చెప్పేది. పాదాల వాపు దిగింది. చెప్పులు మళ్లీ పట్టాయి. మేము అడగడం మానలేదు. నాకు లోపల మాత్రం రెండు గడియారాలు వినపడేవి. గుండె కోలుకునే గడియారం ఒకటి, గడ్డ పెరిగే గడియారం ఒకటి. ఏది ముందు కొడుతుందో చెప్పగలిగినవాడు ఆయన ఒక్కడే. ఆయన చెప్పడం లేదు.

ఒక పొద్దున బడికి బయలుదేరుతుంటే ఫోన్ వచ్చింది.

"టీచరమ్మా, పండుకున్న."

"నిజంగనా అక్కా?"

"తలగడ లేకుండ. ఎన్ని రోజులాయెనో ఇంటి రేకులు సూడక. మూలకు సాలెపురుగు ఎంత పెద్ద గూడు పెట్టిందో, గీయనకు కనపడదు, నేను సూడలేదు. గిప్పుడే దులిపిస్తున్న."

ఆ ఆదివారం వాకిట్లో ఒక కొస ఆమె, ఒక కొస నేను పట్టుకొని జంపఖానా దులిపాం. ఫట్‌మని చప్పుడు వచ్చింది. పక్కింట్లోంచి అయ్యగారు గుండీలు పెట్టుకోకుండానే బయటికి పరుగెత్తుకొచ్చారు.

గుండె కొంత కోలుకుందన్నారు. పూర్తిగా కాదు, ఆపరేషన్‌కు దారి దొరికేంత. డాక్టరమ్మ పూర్తి మత్తు ఇవ్వకుండా, వీపు దగ్గర సూదితో ఆ భాగం మాత్రం మొద్దుబార్చి చేయిస్తానంది. అయినా ప్రమాదం ఉందని దాచకుండా చెప్పింది. మేస్త్రీ సంతకం పెట్టాడు. పెన్ను బల్ల మీద పెట్టి, "మీ దేవుడు, గీ దవాఖాన, నడుమ నేనెవణ్ణి?" అన్నాడు నాతో. సమాధానం కోసం అన్నది కాదు.

లోపలికి తీసుకెళ్లేముందు ఆమె డాక్టరమ్మ చెయ్యి పట్టుకుంది. "నీ పేరు పెట్టి గూడ ప్రార్థన చేసిన బిడ్డా. నీకు తెల్వదు, ఆయనకెరుకే."

"నేను కూడా మీకోసం దువా చేసిన అమ్మా" అంది ఆ అమ్మాయి.

ఆపరేషన్ బాగా జరిగింది. గడ్డ మొత్తం తీశారు. ఆమె కళ్లు తెరిచి, పాలు తాగి, పక్క మంచం మీదున్నామెను ఏ ఊరని అడిగింది. మేము సంఘానికి ఫోన్ చేసి స్తోత్రం చెప్పాం. ఆ తర్వాతి రోజు మధ్యాహ్నం గుండె లయ తప్పింది. ఊపిరితిత్తుల్లోకి నీరు చేరింది. ఐసీయూ తలుపు అద్దంలోంచి చూస్తే ఆమె మంచం తలవైపు ఎత్తి ఉంది. ఆమె మళ్లీ కూర్చునే ఉంది. మా కళ్లు కలిశాయి. చెయ్యి కొద్దిగా ఎత్తింది. నేను అద్దం మీద అరచెయ్యి పెట్టాను. నాకు చేతనైంది అంతే.

సాయంత్రం డాక్టరమ్మ బయటికి వచ్చి మా బెంచీ మీద మా పక్కనే కూర్చుంది. "గడ్డ మొత్తం పోయింది" అంది. "గడ్డ మొత్తం పోయింది అన్నా..." మేస్త్రీని అన్నా అని పిలిచి, తల దించుకుంది. ఆయనే ఆమె తల మీద చెయ్యి వేశాడు.

మందిరంలో జంపఖానా మీదే పడుకోబెట్టాం. ఆ రోజు దాన్ని దులిపింది నేను. ఎవరో తల కింద పెట్టడానికి ఇంట్లోంచి తలగడ తెచ్చారు. గుమ్మం దాటి ఎప్పుడూ లోపలికి రాని మేస్త్రీ, ఆ రోజు చెప్పులు విప్పి లోపలికి వచ్చి, ఆమె పక్కన ఆ అతుకు మూల మీద కూర్చున్నాడు. తలగడ పట్టుకున్న చేతిని ఆపాడు.

"వద్దు" అన్నాడు. "గిప్పుడు పండుకుంటది."

మేము అడిగింది అదే. నెలల తరబడి, మోకాళ్ల మీద, ఆ మాటే అడిగాం. నా వెనక ఆ చెవిటి తాత వెక్కివెక్కి ఏడుస్తున్నాడు. ఎవరమూ ఆయన్ని ఓదార్చలేకపోయాం. ఇది జవాబా, జవాబు రాకపోవడమా అని నేను చాలా రోజులు దేవుణ్ణి అడిగాను. ఇప్పుడు అడగడం లేదు. తెలిసిపోయి కాదు. అడిగే దమ్ము లేక.

మా సంఘంలో ఇప్పుడు ఇంకొక తల్లి ఎర్ర మందు ఎక్కించుకుంటున్నది. ఆపరేషన్ ముందున్నది. మంగళవారం కూడికలో పాట కన్నా ముందు, వాక్యం కన్నా ముందు, ఆమెను ఒక మాట అడుగుతాం, రాత్రి పడుకుంటున్నవా అమ్మా అని. సాక్ష్యం చెప్పినా అడుగుతాం, చెప్పకపోయినా అడుగుతాం.

చదువుతున్న మీరు ఏ ఊరివారో, ఏ మందిరానికి వెళ్తారో, అసలు వెళ్తారో లేదో నాకు తెలియదు. మీ ఇంట్లో ఇట్లాంటివారు ఉంటే ముందు ఆ మాట అడగండి. తర్వాత, ఉన్నచోటే తల వంచి ఒక్క నిమిషం నాతో కలవండి.

తండ్రీ, ఈ రాత్రి పడుకోలేక గోడకు ఆనుకొని కూర్చున్నవాళ్లు ఉన్నారు, నీకెరుకే. వాళ్లు చెప్పడానికి జంకుతున్నారు, నీకెరుకే. ఎదురుగా కూర్చుని చెయ్యి పట్టుకోవడం తప్ప మాకు ఏమీ చేతకాదు. వాళ్లను పడుకోనివ్వు. పొద్దున మళ్లీ లేవనివ్వు. ఈసారి రెండూ అడుగుతున్నాం నాయినా. మేము ఎందుకు రెండూ అడుగుతున్నామో నీకెరుకే.